మూడు రోజుల కిందటి వాన

సన్నీవేల్,
మార్చి మొదటి వారం.

చి. కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

ఈ శనివారం నువ్వూ మీ ఆఫీసు కుర్రాళ్లూ శాంటాక్రజ్ కొండల్లో ఏట్లో ఈతకి వెళుతున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నాచేత వద్దనిపించడానికే చేసిందనుకో. ఇక్కడికొచ్చి ఏడాదైనా కాని మన పిల్లలు ఏ జలపాతం దగ్గరో, చెరువులోనో పోయారన్న వార్త అక్కడి పేపర్లలో తరచూ వస్తూనే ఉంది కాబట్టి ఆవిడ భయాన్ని కొట్టిపారెయ్యలేను. అయినా నేను వద్దనను. గంట దూరంలో అంత అడవి పెట్టుకుని శనాదివారాలు సోఫాలో పడుండేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వెళ్లండి. కాకపోతే మీ ప్లాను ఆగస్టు నెలది, మీరు వెళ్లేదేమో మార్చిలో.

మన దగ్గర ఎండలు ముదిరాక వానలొస్తాయి, కాలవ నిండేసరికి నీళ్లు ఒంటికి హాయిగా ఉంటాయి. ఇక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా చలిలోనే వాన. తర్వాత అక్టోబరు దాకా చినుకు పడటమే అపురూపం. అంటే ఏరు చూడ్డానికి అందంగా ఉండే నెలలు వేరు, దిగడానికి పనికొచ్చే నెలలు వేరు. రెండూ ఒక్కసారి దొరకవు.

ఇంకోటి, నీ బాల్కనీలోంచి కనిపించే ఆకాశాన్ని నమ్మకు. పసిఫిక్ మీంచి వచ్చే మబ్బులు కొండల పడమటి వాలు ఎక్కుతూ అక్కడే కురిసేస్తాయి. శాన్‌హోజేకి ఏడాదికి 15 అంగుళాలు దక్కితే, కొండకి అవతలున్న బెన్ లోమండ్‌లో దాదాపు 50 అంగుళాలు పడుతుంది. ఇక్కడ రోడ్డు తడిసీ తడవని రాత్రి అక్కడ కుండపోత కావచ్చు. ఆ కొండల్లోంచి పారే శాన్ లొరెంజో నది చూస్తే పొడవు 30 మైళ్లు కూడా లేదు, పైగా వాలు ఎక్కువ. కొండ మీది వాన గంటల్లో కిందికి వచ్చేస్తుంది. ఫెల్టన్ దగ్గర బిగ్ ట్రీస్ అనే చోట ప్రవాహాన్ని కొలిచే గేజీ ఉంది. యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే) వాళ్లు ఆ అంకెల్ని ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో పెడతారు. పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ ఇన్‌ఫ్లో ఎంతో చదివి గాని కాఫీ తాగని తాతకి మనవడివి, క్యూసెక్కులంటే నీకు చెప్పక్కర్లేదు. వేసవి చివర అక్కడ 25 క్యూసెక్కుల చుట్టుపక్కల పారుతుంది. 1955 డిసెంబరు వరదలోనూ 1982 జనవరి వరదలోనూ అదే చోట దాదాపు 30,000 దాకా వెళ్లింది. 1982లో బెన్ లోమండ్ పక్కన లవ్ క్రీక్ దగ్గర కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి 10 మంది పోయారు. 2023 జనవరిలో కూడా ఫెల్టన్‌లో వరద వచ్చింది. అందుకని బయల్దేరే ముందు ఆ రోజు అంకె ఒక్కటే చూసి ఊరుకోకు. వెనకటి మూడు రోజుల గీత చూడు. అది ఇంకా కిందికి దిగుతూనే ఉందంటే, పైన ఎండ ఎంత బాగా కాసినా ఏట్లో తుఫాను ఇంకా అయిపోలేదన్నమాట.

మీరు అనుకుంటున్నది ఆ నదిలోని గార్డెన్ ఆఫ్ ఈడెన్ మడుగే కదా? హెన్రీ కోవెల్ పార్కులో, రైలు పట్టాల పక్కనుంచి నడిచి చేరేది? మీరు చూసే దాని వీడియోలన్నీ వేసవిలో తీసినవి. ఇప్పుడు నీళ్లు మట్టిరంగులో ఉంటాయి, అడుగు కనిపించదు. గాలివానకి కూలిన రెడ్‌వుడ్ కొమ్మలు అడ్డం పడి ఉంటాయి. వాటి సందుల్లోంచి నీళ్లు పోతాయి గాని మనిషి పోడు, తట్టుకుని అక్కడే ఇరుక్కుపోతాడు. పైగా చలి. కాలవలో ఈదినవాణ్ణంటావు, నిజమే, నీ రెక్కల బలం నాకు తెలుసు. పది పన్నెండు డిగ్రీల నీళ్లలోకి ఒక్కసారిగా దూకితే మొదటి నిమిషం ఊపిరి నీ మాట వినదు. నోరు తెరుచుకుని ఎగపీలుస్తావు, ఆ క్షణంలో తల మునిగిందా, లోపలికి పోయేది నీళ్లే. ఎంత ఈతగాడికైనా ఇదే జరుగుతుంది.

వాన వెలిసిన మూడు రోజుల దాకా సముద్రంలోకి కూడా దిగొద్దని ఇక్కడి ఆరోగ్యశాఖల వాళ్లే చెబుతారు. ఊళ్ల మురికంతా ఏళ్ల మీదుగా అక్కడికే చేరుతుంది. శాన్ లొరెంజో లోయలో చాలా ఇళ్లకి సెప్టిక్ ట్యాంకులే. సముద్రం చూడాలనుంటే వాడెల్ బీచిలో ఇసుక మీద నడవండి, సముద్రానికి మాత్రం వీపు తిప్పకండి. పావుగంట సేపు బుద్ధిగా ఉన్న అలలే ఉన్నట్టుండి కాళ్లు లాగేస్తాయి.

మీలో ఎవరికో చేపల సరదా ఉందట. అల్మడెన్, గ్వాడలూప్, కాలెరో రిజర్వాయర్లలో పట్టిన చేప మాత్రం ఇంటికి తేవద్దు. ఆ పక్కనే న్యూ అల్మడెన్‌లో 1840ల నుంచి ఇంగిలీకం తవ్వి పాదరసం తీశారు. సియెర్రా కొండల్లో బంగారాన్ని రాతిపొడి నుంచి వేరు చెయ్యడానికి ఆ పాదరసమే వాడారు. గనులు మూతపడి ఏళ్లయినా, వాన పడ్డప్పుడల్లా ఆ మట్టి వాగుల్లోకి దిగుతూనే ఉంది. రిజర్వాయరు అడుగున బాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తుంది, అది పురుగుల్లోంచి చిన్న చేపకి, చిన్న చేపలోంచి పెద్ద చేపకి ఎక్కుతుంది. పులుసు ఎంత మరిగించినా పోదు. హెచ్చరిక బోర్డులు అక్కడే ఉంటాయి, మనవాళ్లు వాటి పక్కనే నిలబడి ఫొటోలు దిగుతారు. ఇప్పుడా గనుల చోటు కౌంటీ పార్కు. నడవడానికి మార్చిలో అంత బాగుండే చోటు తక్కువ, కొండంతా పూలే.

ఇక ఈ శనివారం సంగతి. జలపాతాలు చూడాలంటే ఇదే సీజను. మోర్గన్ హిల్ దగ్గర ఉవాస్ కాన్యన్‌కి వెళ్లండి. మైలు పైచిలుకు దారిలో నాలుగైదు జలపాతాలు తగులుతాయి. పార్కింగు ముందే బుక్ చేసుకోవాలి. ట్రైలు తెరిచి ఉందో లేదో పార్కు సైట్‌లో ఆ పొద్దున మళ్లీ చూసుకోండి, వానలకి దారులు తెగుతుంటాయి. లోయల్లో ఫోను సిగ్నల్ దొరకదు, మ్యాపు ముందే దింపుకో. చీకటి పడ్డాక లెక్సింగ్టన్ రిజర్వాయరు పక్కన ఆల్మా బ్రిడ్జి రోడ్డు మీదుగా మాత్రం రాకండి. వానాకాలం రాత్రుళ్లు న్యూట్‌లు, అవే నారింజ పొట్ట బల్లుల్లాంటివి, నీళ్లలో గుడ్లు పెట్టడానికి ఆ రోడ్డు దాటుతూ కార్ల కింద పడి వేలల్లో చస్తున్నాయి. ముచ్చటగా ఉన్నాయని చేత్తో పట్టుకోవద్దు, వాటి చర్మంలో విషం ఉంటుంది.

ఈతకి సెప్టెంబరులో నేనే తీసుకెళతాను. అప్పటికి పొగమంచు తగ్గుతుంది, ఏరు శాంతిస్తుంది. చెరువుల్లో మాత్రం అప్పుడు నాచు విషం వస్తుంది, ఆ సంగతి అప్పుడు చూద్దాం.

కారు ఎవరు నడుపుతున్నారో, ఎన్నింటికి తిరిగి బయల్దేరతారో శుక్రవారం రాత్రికల్లా నాకు మెసేజ్ పెట్టు. మీ అమ్మకి నేను చెప్పుకుంటాను.

మీ మామయ్య