బలిఘట్టములో పదునైదవ కీర్తన

చదువవలసిన భాగములు: కీర్తన 15; యెహోషువ 9; 2 సమూయేలు 21:1-6; మత్తయి 5:33-37



ఈ నెల పాఠమునకు కారణము ఒక గేదె బేరము. నర్సీపట్నము ప్రక్కనున్న మన బలిఘట్టములో జరిగినది. మన సహోదరుడొకడు తన పాడిగేదెను అరువది వేలకు ఇచ్చెదనని ఇరుగింటి పెద్దాయనతో చేతిలో చేయి వేసి చెప్పెను. "మన మధ్య బయానా ఏమిటి?" అని రూపాయి కూడ పుచ్చుకొనలేదు. మూడవ దినమున ఒక బేరగాడు వచ్చి అరువది యెనిమిది వేలు చూపించెను. గేదె అతనితో పోయెను. నాల్గవ దినమున పెద్దాయన తువ్వాలులో డబ్బు మూట గట్టుకొని వచ్చి చూడగా పలుపు మాత్రము రాటకు వ్రేలాడుచున్నది.

పెద్దాయన శివభక్తుడు. కేకలు వేయలేదు. "ఇది బలిచక్రవర్తి పేరు పెట్టుకున్న ఊరు బాబూ. మాటిచ్చి మూడు లోకాలూ పోగొట్టుకున్నాడాయన. మీ పుస్తకంలో అలాటి మాట లేదేటి?" అని అడిగి వెళ్లిపోయెను.

ఆ సాయంకాలమే ఆ సహోదరుడు మా యొద్దకు వచ్చి అదే ప్రశ్న అడిగెను. మేము కీర్తన 15 తెరచి నాల్గవ వచనము చూపించితిమి. ప్రమాణము చేసిన తరువాత నష్టము వచ్చినను మాట మార్చనివాడే దేవుని గుడారములో ఉండదగినవాడని అచ్చట దావీదు చెప్పుచున్నాడు. అతడు రెండుమారులు చదివి, గ్రంథము మూసి, తల వంచుకొని కూర్చుండెను.

పెద్దాయన చెప్పిన కథ తెలియని తెలుగువాడు లేడు. వరాహనది ఇచ్చట ఉత్తరముగా ప్రవహించుననియు, బలి యజ్ఞము చేసిన చోటు ఇదేయనియు స్థలపురాణము చెప్పుకొందురు. శివరాత్రికి బ్రహ్మలింగేశ్వరుని కోవెలకు వచ్చువారు ఆ నదిలో మునుగుట మనము ఏటేట చూచుచునే యున్నాము. కథ యేమనగా, ప్రహ్లాదుని మనుమడైన బలి యొద్దకు ఒక పొట్టి బ్రాహ్మణ బాలుడు వచ్చి మూడడుగుల నేల అడిగెను. బలి సరే యనెను. గురువైన శుక్రుడు పసిగట్టి, వీడు మారువేషములోనున్న విష్ణువు, ఇయ్యవద్దనెను. అంతటితో ఆగలేదు. పెండ్లి విషయములో, ప్రాణము మీదికి వచ్చినపుడు, ధనము పోవునపుడు, మానము పోవునపుడు బొంకవచ్చునని కూడ నేర్పెను. పోతన భాగవతము ఎనిమిదవ స్కంధములో ఈ సంగతి యున్నది.

ఆ సాకులను మరల ఒక్కసారి చూడుడి. పెండ్లి, ప్రాణము, ధనము, మానము. మన ఇండ్లలో మాట తప్పినవారు నేడు చెప్పు సాకులలో ఈ నాలుగింటిలో చేరనిది ఎక్కడనున్నది? మన సహోదరుడు చెప్పినది మూడవది. బలి మాత్రము గురువు మాట త్రోసివేసి ధారపోసెను. రెండడుగులకే సర్వము పోగా మూడవ అడుగునకు తన తల వంచెను.

సంఘపత్రికలో పురాణమేమని కొందరు నొచ్చుకొందురేమో. అట్టివారు యెహోషువ 9వ అధ్యాయము మెల్లగా చదువవలెను. అచ్చటను మారువేషమే. గిబియోనువారు పాతగోనెలు, చినిగి కుట్టబడిన తిత్తులు, అతుకులు వేసిన చెప్పులు, బూజు పట్టిన రొట్టెలు తెచ్చి, తాము చాల దూరదేశమునుండి వచ్చితిమని ఇశ్రాయేలీయులను నమ్మించిరి. పెద్దలు యెహోవా యొద్ద విచారణ చేయకయే ప్రమాణము చేసిరి. మూడు దినములకు మోసము బయటపడెను. వారు ప్రక్క ఊరివారే! సమాజమంతయు పెద్దలమీద సణిగెను. మోసము చేసి పుచ్చుకొన్న మాట మాటయే కాదని నేటి వకీలు వాదించును. పెద్దలట్లు వాదింపలేదు. వారిని కట్టెలు కొట్టువారినిగాను, నీళ్లు మోయువారినిగాను నియమించిరే గాని ప్రాణము తీయలేదు.

ఆ మాటకు కాలదోషము కూడ పట్టలేదు. తరములు గడచిన పిమ్మట సౌలు వారిని చంపగా, దావీదు దినములలో మూడు సంవత్సరములు విడువక కరవు వచ్చెను. దావీదు కారణము విచారింపగా దేవుడు చూపినది గిబియోనీయుల సంగతియే. ఎవరో తాతలు, ఎవరో పరాయివారితో అన్న మాట! మన దేవుడు దానిని లెక్కలో ఉంచెను.

ఇట్టి సాక్ష్యము ఇంకను ఎన్ని జనములలో ఉన్నదో చూడుడి. పారసీకుల అవెస్తాలో మిథ్రుని గూర్చిన స్తోత్రము, ఒడంబడిక మంచివానితో చేసినను చెడ్డవానితో చేసినను మీరరాదని చెప్పుచున్నది. ఖురాను 17వ సూరా 34వ వచనము, చేసిన వాగ్దానమును గూర్చి లెక్క అడుగబడునని హెచ్చరించుచున్నది. మాట యిచ్చి తప్పుట కపటి గురుతులలో ఒకటని మహమ్మదు ప్రవక్త చెప్పినట్లు ముసల్మానుల హదీసులలో కలదు. బౌద్ధుల పంచశీలములలో నాల్గవది అబద్ధమాడకుండుట.

బౌద్ధులనగానే మనకు చేరువలోనున్న చోటొకటి జ్ఞాపకము వచ్చుచున్నది. అనకాపల్లి దగ్గర శంకరములోని బొజ్జన్నకొండ మీద ఆ శీలములు నేర్పిన భిక్షువులు వందల ఏండ్ల క్రిందట కాపురముండిరి. వారు పోయిరి; వారి బోధ జనులు మరచిరి. తుదకు కనుమ పండుగనాడు ఊళ్లవారు అచ్చటికి పోయి, బొజ్జవంటి యొక ఆకారమును రాక్షసుడని రాళ్లతో కొట్టుట పుణ్యమనుకొనిరి. పురావస్తు శాఖవారు పూనుకొని ఆ ఆచారమును మాన్పించవలసి వచ్చెను. ఇరుగువారి యందలి మంచిని ఎరుగనివాడు దేనిమీద రాయి వేయుచున్నాడో తనకే తెలియదు. మన యౌవనస్థులు కొందరు శివరాత్రి యాత్రికులను చూచి ఎగతాళి చేయుదురని విన్నాము. అదియు రాయియే.

ఇతరుల బోధలోని మంచిని ఒప్పుకొనిన విశ్వాసము సడలునని భయపడనక్కరలేదు. ఒంగోలు ప్రాంతపు మాదిగ భక్తుడు యెర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వర్తకుడు. గురువుల నాశ్రయించి రాజయోగము నేర్చినవాడు. ఆ వెదకులాటయే ఆయనను సువార్త వినునట్లు చేసెను. 1866లో ఆయన బాప్తిస్మము పొందెను. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో మాత్రమే ఏర్పడెను. తరువాత ఆ ప్రాంతమున ప్రభువునొద్దకు వచ్చిన వేలమందికి త్రోవ చూపినవారిలో ఆయన ముఖ్యుడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ దొరసానిగారు 1899లో అచ్చువేయించిన పుస్తకములో ఆయన కథ వివరముగా నున్నది. లుస్త్రలో పౌలు చెప్పినట్లు (అపొస్తలుల కార్యములు 14:17) దేవుడు ఏ జనమునందును తన్ను గూర్చి సాక్ష్యము లేకుండ చేయలేదు.

అట్లని అన్నియు ఒక్కటేయని మేము చెప్పము. అట్లు చెప్పుట తేలిక. అది శివభక్తునికిని మర్యాద కాదు, మనకును కాదు. మన ప్రభువు కొండమీద చెప్పినది ఇంకొక అడుగు ముందుకు పోవుచున్నది. ఒట్టే పెట్టుకొనవద్దు, అవును అవును, కాదు కాదు అని యుండవలెనని ఆయన ఆజ్ఞ. ఒట్టు పెట్టినపుడే సత్యము పలుకువాడు తక్కిన వేళల ఏమి పలుకుచున్నట్లు? మన ఊళ్లలో పిల్లల నెత్తిమీద చేయి పెట్టి ఒట్టు వేయువారు కలరు. క్రైస్తవులు దానికి బదులు బైబిలుమీద చేయి వేయుదురు! గేదె బేరములో చేయి కలుపకున్నను, సాక్షులు లేకున్నను, "ఇస్తాను" అన్న మాటయే చాలియుండవలెను. మరియు దేవుని వాగ్దానములన్నియు క్రీస్తునందు అవునన్నట్లుగా ఉన్నవని పౌలు కొరింథీయులకు వ్రాసెను (2 కొరింథీ 1:20). ఆ అవునునకు ఆయన ఇచ్చిన వెల సిలువ. మనము ఎనిమిది వేలకు వెనుకాడితిమి.

ఇక ఒక్క సహోదరుని మీదనే వ్రేలు చూపుట న్యాయము కాదు. కోతపండుగనాడు లేచి నిలిచి ఒప్పుకొన్న కానుకలలో నేటికిని రానివి మన సంఘపు లెక్కపుస్తకములోనే యున్నవి. పొద్దు గ్రుంకకమునుపు ఇచ్చెదమన్న కూలి (ద్వితీయోపదేశకాండము 24:15) శనివారము సంతవరకు పోవుచున్నది. చీటీ పాడుకొన్న తరువాత కనబడనివారు, ఖాయపరచుకొన్న సంబంధమును కట్నము కొరకు విడిచినవారు మన బల్ల చుట్టును ఉన్నారు. గృహకూటములలో ఈ పాఠము చదువునపుడు ప్రతి యింటివారు తాము అని చెల్లింపని మాట ఒక్కటి జ్ఞాపకము చేసికొనవలెనని మా మనవి. పైకి చెప్పనక్కరలేదు.

గేదె సంగతి చెప్పి విడిచెదము. మన సహోదరుడు ఆ పై ఎనిమిది వేలును తీసికొని పెద్దాయన యింటికి పోయెను. ఆయన పుచ్చుకొనలేదు. "నాను అడిగింది గేదెని బాబూ, డబ్బు కాదు" అనెను. సహోదరుని యొద్ద ఇంకొక సూడిగేదె యున్నది. దానికి సంతలో డెబ్బది వేలకు తక్కువ పలుకదు. అది ఈనిన తరువాత పాత వెల అరువది వేలకే ఇచ్చెదనని అతడు చెప్పెను. పెద్దాయన కొంత సేపు ఊరకుండి, ఒప్పుకొని, లోపలికి పోయి వెయ్యి రూపాయలు తెచ్చి అతని చేతిలో పెట్టెను. ఈసారి బయానా పుచ్చుకొనుమనెను.