హాలాహలం ప్రసాదం కాదు

శివరాత్రి వీడియో చూసి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, శివయ్యే గంజాయి తాగుతాడంటారు కదా, మనం తాగితే తప్పేంటి?"

ఈ మాట నాకు కొత్త కాదు. ఆరేళ్ల క్రితం, ఉద్యోగంలో చేరిన కొత్తలో, హైదరాబాద్‌లో నా రూమ్మేట్ కూడా ఇదే అనేవాడు. అప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. అందుకే ఈరోజు ఈ పాఠం.

భాగవతం ఎనిమిదో స్కంధంలో క్షీరసాగర మథనం ఉంది. హాలాహలం పుట్టి లోకాలు అల్లాడిపోతుంటే శివుడు దాన్ని తాగి కంఠంలోనే నిలుపుకున్నాడు. అది ఇంకెవరికీ తగలకూడదని. మరి విషాన్ని ఆపినవాడి పేరు చెప్పి మత్తు పంచుకుంటే అది భక్తి ఎలా అవుతుంది?

గీత రెండో అధ్యాయంలో 62, 63 శ్లోకాలు చూడండి. మనిషి ఎలా జారిపోతాడో మెట్టు మెట్టుగా ఉంటుంది. ఒకదాని గురించే ఆలోచిస్తుంటే ఆసక్తి, ఆసక్తి నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, ఆ తర్వాత మోహం, మతిమరుపు, బుద్ధినాశం, చివరికి పతనం.

నా రూమ్మేట్ ఈ మెట్లన్నీ దిగడం నేను కళ్లారా చూశాను. మొదట శనివారం రాత్రి "ఒక్కసారే" అన్నాడు. కొన్నాళ్లకి రోజూ కావాల్సి వచ్చింది. అప్పు ఇవ్వనంటే అరిచేవాడు. నిన్న ఏం పని చేశావని ఆఫీసులో అడిగితే గుర్తుండేది కాదు. చివరికి ఎవరో తనని వెంటాడుతున్నారని తలుపులు వేసుకుని కూర్చున్నాడు. గంజాయి ఎక్కువగా వాడేవాళ్లకి ఇలాంటి మానసిక వ్యాధి ముప్పు పెరుగుతుందని, చిన్న వయసులో మొదలుపెడితే ఇంకా ప్రమాదమని డాక్టర్లు చెబుతారు.

ఇది ఏ ఒక్కరి కథో కాదు. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. ఏడాది కాలంలో గంజాయి, భంగు లాంటివి వాడినవాళ్లు దేశంలో సుమారు 3.1 కోట్ల మంది అని అందులో తేలింది.

"ఇంట్లో చెప్పకురా" అని వాడు బతిమాలితే నేను చెప్పలేదు. అదే స్నేహం అనుకున్నాను. ఆ రాత్రి వాళ్ల అన్నయ్యకి ఫోన్ చేశాను, ఆయన వచ్చి ఆసుపత్రిలో చేర్పించారు. ఇప్పుడు వాడు బాగానే ఉన్నాడు, కానీ రెండేళ్లు పోయాయి. ఆ ఫోన్ ముందే చేసి ఉండాల్సింది.

కేసు అవుతుందన్న భయంతో చాలామంది దాచిపెడతారు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ చూడండి. మత్తుకు బానిసైన మనిషి సొంత వాడకానికి లేదా కొద్ది పరిమాణానికి సంబంధించిన కేసులో ఉన్నా, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట పూర్తిగా చికిత్స తీసుకుంటే, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. సహాయం కోసం జాతీయ టోల్‌ఫ్రీ నంబర్ 14446.

జపం చేయండి, మనసుకి బలం వస్తుంది. కానీ జపం చేస్తున్నాం కదా అని వైద్యం మానేయకండి.

ఈ వారం సాధన ఒక్కటే. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఆ మెట్ల మీద ఉంటే నవ్వి ఊరుకోకండి. తిట్టకుండా పక్కన కూర్చుని మాట్లాడండి, ఇంట్లోవాళ్లకి చెప్పండి.

హర హర మహాదేవ!