పాట పంచుకుందాం



మనం కోడి కూయకముందే లేస్తాం. వాకిలి చిమ్ముతాం. నీళ్ళు పట్టుకుంటాం. అన్నం వండుతాం. తర్వాత కొందరం వరి నాట్లకు పోతాం. కొందరం రొయ్యల గుంటల దగ్గరికి పోతాం. కొందరం చేపల తట్ట ఎత్తుకుంటాం. పొద్దుగూకి ఇంటికొస్తే మళ్ళీ పొయ్యి, మళ్ళీ అంట్లు. ఒంటికి అలుపు. మనసుకూ అలుపే.

ఒంటి అలుపు పడుకుంటే తీరుతుంది. మరి మనసు అలుపు తీరేదెట్లా?

ఒక మంచి పాట వింటే కొంత తీరుతుంది. పాడుకుంటే ఇంకొంచెం తీరుతుంది.

"నీకు హాయిగా ఉండే పాట ఏది?" అని మనల్ని ఎవరైనా అడిగారా? అడిగి ఉండరు. ఈరోజు మనమే ఒకరినొకరం అడుగుదాం.

ఎవరి పాట వారిది

ముత్తుకూరు చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా నలుగురు ఆడవాళ్ళు కూర్చుంటే నాలుగు రకాల పాటలు వస్తాయి.

"బిడ్డను ఊపతా జోల పాడతానా, బిడ్డకంటే ముందు నాకే నిద్ర వస్తాది" అంటుంది ఒక తల్లి. జోలపాట నెమ్మదిగా సాగుతుంది. ఊయల ఎట్లా ఊగుతుందో పాట కూడా అట్లాగే ఊగుతుంది. సంగీతం నేర్చినవాళ్ళు నీలాంబరి అనే రాగాన్ని నిద్రపుచ్చే రాగం అంటారు.

"నాకు నాట్ల పాటే ఇష్టం" అంటుంది ఒక పెద్దమ్మ. ఒకామె ఎత్తుకుంటుంది. మిగతావాళ్ళు అందుకుంటారు. నడుము నొప్పి కాసేపు గుర్తుకు రాదు. సముద్రం ఒడ్డున మగవాళ్ళు వల లాగేటప్పుడు కూడా అంతే. అందరి చేతులూ ఒక్కసారే కదలాలి. దానికి పాట సాయం చేస్తుంది.

"పొద్దున్నే భక్తి పాట వింటే ఆ రోజంతా బాగుంటుంది" అంటుంది ఇంకొకామె. విజయవాడ రేడియో కేంద్రం 1948లో మొదలైంది. దాని 'భక్తిరంజని' పాటలు ఎన్నో ఇళ్ళల్లో తెల్లవారుజామున మోగాయి. గుళ్ళో భజన ఉంది. చర్చిలో కీర్తన ఉంది. దర్గాలో ఖవ్వాలీ ఉంది. మతాలు వేరు. పాట వింటే కలిగే నెమ్మది ఒకటే.

"నాకైతే బాలు పాట కావాలబ్బా!" అంటుంది ఒక చెల్లెలు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారిని నెల్లూరు వాళ్ళు మనవాడు అనుకుంటారు. ఆయన 1946లో పుట్టారు. తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. బాలు గారు 1966లో మొదటి సినిమా పాట పాడారు. 2020లో చనిపోయారు. మనిషి పోయినా ఆయన గొంతు ఇప్పటికీ మన ఇళ్ళల్లో వినిపిస్తా ఉంది.

వీటిలో ఏది గొప్ప పాట? ఏది తక్కువ పాట? అట్లా ఏమీ లేదు. మీ మనసును నెమ్మది పరిచే పాటే మీకు మంచి పాట.

పాట వింటే ఎందుకు హాయి?

దిగులుగా ఉన్నప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరి పైపైన ఆడుతుంది. నెమ్మదైన పాట వింటుంటే ఊపిరి కూడా నెమ్మది పడుతుంది. గుండె దడ తగ్గుతుంది. మనసు పాట మీదికి పోతుంది. అప్పు సంగతి, రేపటి కూలి సంగతి కాసేపు పక్కకు జరుగుతాయి.

పాడేటప్పుడు ఊపిరి నిండుగా తీసుకుంటాం. మెల్లగా వదులుతాం. అది కూడా ఒంటికి మంచిదే.

కానీ పాట మందు కాదు. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, దిగులు వదలకపోయినా ఆసుపత్రికి వెళ్ళి చెప్పాలి. అందులో సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. ఫోన్‌లో పాట వినేటప్పుడు మోత తక్కువ పెట్టుకోండి. పెద్ద మోత చెవులకు చెడుపు.

పది నిమిషాలు మనవి

ఆడది పాట వింటూ కూర్చుంటే "పని లేదా?" అంటారు. మగవాడు అరుగు మీద కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. పనిచేసే మనిషికి అలుపు తీర్చుకునే హక్కు ఉంది. ఎద్దుకు కూడా కాడి దించుతాం గదా! రోజులో పది నిమిషాలు మనవి అనుకుందాం. ఈ మాట ఇంట్లో వాళ్ళకు కూడా చెబుదాం.

రాస్తే నిలుస్తుంది

ఇప్పుడు వడ్లు మరలో పడుతున్నాయి. రోలు, రోకలి మూలన పడ్డాయి. వాటితో పాటే దంపుడు పాట కూడా మూలన పడింది. సినిమా పాట సెల్‌ఫోన్‌లో దొరుకుతుంది. మీ అవ్వ పాడిన జోలపాట అందులో దొరుకుతుందా? అవ్వ పోతే ఆమె పాట కూడా పోతుంది.

తాళ్ళపాక అన్నమయ్య సంగతి వినండి. ఆయన 1408లో పుట్టారు. ముప్పై రెండు వేల పాటలు పాడారని చెబుతారు. ఆయన కొడుకు కాలంలో ఆ పాటలను రాగిరేకుల మీద చెక్కించారు. రేకులు తిరుమల గుడిలో ఒక రాతి గదిలో ఉండిపోయాయి. వందల ఏళ్ళు వాటిని ఎవరూ పట్టించుకోలేదు. 1920ల్లో అవి మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. ఇప్పుడు పన్నెండు వేలకు పైగా పాటలు మనకు ఉన్నాయి. రాసి పెట్టారు కాబట్టే దక్కాయి. రేకులకు ఎక్కనివి, రేకులు దొరకనివి పోయాయి.

అన్నమయ్య భార్య పేరు తిమ్మక్క. ఆమె 'సుభద్రా కల్యాణం' రాసింది. ఆడవాళ్ళు పాడుకోవడానికి వీలుగా రాసింది. తెలుగులో మొదటి కవయిత్రి ఆమేనని చాలామంది అంటారు. ఆమె రాసింది కాబట్టే ఆమె పేరు మనకు తెలిసింది. ఆ కాలంలో పాడిన ఆడవాళ్ళు ఇంకా ఎందరో! వాళ్ళ పేర్లు మనకు తెలియవు.

మన అవ్వలకు రాత రాదు. మనకు వచ్చింది. వాళ్ళ పాటలు నిలబెట్టే పని మనదే.

చేసి చూడండి

1. ఈ వారం మీ అవ్వనో, అత్తనో ఒక పాట పాడమనండి. ఆమె పాడినట్టే రాయండి. తప్పులు పోతే పోనీ, తర్వాత దిద్దుకోవచ్చు.

2. పాట కింద ఆమె పేరు, ఊరి పేరు రాయండి.

3. వచ్చే వారం అందరూ ఒకచోట కూర్చోండి. ఒక్కొక్కరు ఒక పాట పాడండి. పక్కామె పాట మీరు నేర్చుకోండి.

చెప్పండి

1. మీకు హాయినిచ్చే పాట ఏది? ఎవరి దగ్గర విన్నారు?

2. అన్నమయ్య పాటలు మనకు ఎట్లా దక్కాయి?

3. మీ ఊళ్ళో ఇప్పుడు వినిపించని పాట ఏది? అది ఎవరికి వచ్చు?

బియ్యం పంచితే తరుగుతాయి. పాట పంచితే పెరుగుతుంది.