లెక్కకు తగిన పనిముట్టు

1. పేచీ

శనివారం సాయంత్రం. పచ్చళ్ల సంఘం సమావేశం జరుగుతోంది. పన్నెండు మంది సభ్యులూ వచ్చారు. గుంటూరు జిల్లాలోని ఆ ఊళ్లో వాళ్లు నాలుగేళ్లుగా పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నారు. ఆవకాయ, మాగాయ, గోంగూర, నిమ్మకాయ, పండుమిర్చి. మొత్తం ఐదు రకాలు. పద్నాలుగు కొట్లకు సరుకు వేస్తారు.

ఆ రోజు ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

బస్టాండు దగ్గర కొట్టు అతను 2,500 రూపాయలు కట్టానన్నాడు. పుస్తకంలో అతని పేజీలో ఆ డబ్బు జమ లేదు.

"కట్టానని అతను ఒట్టేసి చెబుతున్నాడు. మరి డబ్బు ఏమైనట్టు?" అని ఒకామె అడిగింది.

అందరి చూపూ లెక్కలు రాసే పిల్ల మీదకు వెళ్లింది. ఆ పిల్ల ఇంటరు చదివింది. కోడలుగా వచ్చి రెండేళ్లయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పిన్నీ, నేను పైసా ముట్టుకోలేదు. కావాలంటే పుస్తకాలన్నీ చూడండి" అంది.

సంఘం అధ్యక్షురాలిని అందరూ పెద్దక్క అంటారు. ఆమె మెల్లగా చెప్పింది. "నోరు జారితే వెనక్కి తీసుకోలేం. ముందు పుస్తకం చూద్దాం. తరవాతే మాట."

సంఘానికి రెండు పుస్తకాలున్నాయి. ఏ రోజు జరిగింది ఆ రోజు వరసగా రాసేది చిట్టా. ఒక్కో కొట్టుకు ఒక్కో పేజీ వేసి రాసేది ఆవర్జా. చిట్టాలో రాసినదాన్ని మళ్లీ ఆవర్జాలోకి ఎక్కించాలి.

పెద్దక్క చిట్టా చదివింది. పిల్ల ఆవర్జా చూసింది. గంటసేపు వెతికారు. చివరికి దొరికింది. చిట్టాలో "బస్టాండు కొట్టు, జమ 2,500" అని సరిగానే ఉంది. ఆవర్జాలోకి ఎక్కించేటప్పుడు అది బజారు కొట్టు పేజీలో పడింది.

దొంగతనం కాదు. చేతిపొరపాటు. అడిగినామె లేచి వెళ్లి పిల్ల పక్కన కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఒకే లెక్క రెండుసార్లు రాస్తున్నాం. అక్కడే తప్పు దొర్లింది. ఈ పద్ధతి మార్చాలి" అంది పెద్దక్క.

2. మూడు సలహాలు

తరవాతి వారం మూడు సలహాలు వచ్చాయి.

ఒకామె తమ్ముడు పట్నంలో ఎరువుల కొట్టులో పని చేస్తాడు. "మా కొట్లో టాలీ వాడతారు. మీరూ అదే పెట్టుకోండి" అన్నాడు.

ఇంకొకామె కొడుకు ఫోను చూపించాడు. "ఖాతా యాప్ దించుకుంటే చాలు. ఫ్రీ" అన్నాడు.

బడి పంతులుగారు మూడో మాట చెప్పారు. "కంప్యూటరులో గళ్ల పట్టిక ఉంటుంది. మీకు కావలసినట్టు మీరే గళ్లు వేసుకోవచ్చు" అన్నారు.

ఈ మూడూ సాఫ్ట్‌వేర్లే. కంప్యూటరుకు, ఫోనుకు పని చెప్పే ఆదేశాల కూర్పే సాఫ్ట్‌వేర్. ఫోనులో ఉండేదాన్ని మనం యాప్ అంటున్నాం.

టాలీ మన దేశంలోనే పుట్టింది. బెంగళూరులో 1986లో శ్యామ్‌సుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా దాన్ని మొదలుపెట్టారు. తండ్రికి తన వ్యాపారం లెక్కలకు సరిపడే సాఫ్ట్‌వేర్ దొరకలేదు. కొడుకు తయారు చేశాడు. 2020లో భరత్ గోయెంకాకు పద్మశ్రీ వచ్చింది. టాలీలో బిల్లులు, సరుకు నిలవ, జీఎస్టీ లెక్కలు అన్నీ చేయవచ్చు. దాన్ని డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. అద్దెకూ తీసుకోవచ్చు.

ఖాతా యాప్ వేరు. ఎవరు ఎంత బాకీ, ఎవరు ఎంత కట్టారు అనేదే దాని ముఖ్యమైన పని.

గళ్ల పట్టికలో ఏ గడిలో ఏం రాయాలో మనమే నిర్ణయిస్తాం. కూడమంటే కూడుతుంది. భాగించమంటే భాగిస్తుంది. ఎక్సెల్ ఇలాంటిదే. లిబ్రె ఆఫీస్ కాల్క్ కూడా ఇలాంటిదే. కాల్క్‌కు డబ్బు కట్టక్కర్లేదు.

"మూడింటిలో ఏది మంచిది?" అని అందరూ ఒకేసారి అడిగారు.

పెద్దక్క నవ్వింది. "కత్తి మంచిదా, కొడవలి మంచిదా అంటే ఏం చెబుతాం? ఉల్లిపాయ తరగాలా, వరి కోయాలా? ముందు అది చెప్పండి" అంది.

3. మన పని ఏమిటి?

సభ్యులు పలక తెచ్చుకున్నారు. సంఘానికి కావలసిన పనులు ఒక్కొక్కటే రాశారు.

ఒకటి. ఏ కొట్టు ఎంత బాకీ ఉందో వెంటనే తెలియాలి.
రెండు. చేతిలో, బ్యాంకులో ఎంత ఉందో తెలియాలి.
మూడు. ఏ పచ్చడి ఎన్ని కిలోలు మిగిలిందో తెలియాలి.
నాలుగు. కిలో పచ్చడికి ఎంత ఖర్చవుతోందో తెలియాలి.
ఐదు. తెలుగులో ఉండాలి. సమావేశంలో ఎవరైనా చదవగలగాలి.
ఆరు. రాసే మనిషి ఊళ్లో లేకపోయినా పని ఆగకూడదు.

"జీఎస్టీ సంగతో?" అని ఒకామె అడిగింది.

జీఎస్టీ 2017 జూలై 1న వచ్చింది. ఏడాది అమ్మకాలు ఒక హద్దు దాటితే నమోదు చేయించుకోవాలి. సరుకులు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఏప్రిల్ 1 నుంచి ఆ హద్దు 40 లక్షల రూపాయలు. తెలంగాణ 20 లక్షల హద్దునే ఉంచుకుంది. సంఘం అమ్మకాలు ఆ హద్దుకు చాలా దూరంలో ఉన్నాయి. అందుకని జీఎస్టీని పలక మీద కింద ఒక మూలన రాశారు. "ఇప్పటికి అక్కర్లేదు. మరిచిపోకూడదు" అని పక్కన రాశారు.

4. పదిహేను రోజుల పరీక్ష

"మాటలతో తేలదు. వాడి చూద్దాం" అంది పెద్దక్క.

పదిహేను రోజుల బిల్లులు తీసుకున్నారు. అవే బిల్లులు మూడింటిలోనూ రాశారు. అందరికీ ఒకే కొలత ఉంటేనే పోటీ న్యాయంగా ఉంటుంది.

టాలీని పట్నంలో ఒక సెంటరులో చూశారు. డబ్బు కట్టకముందు నేర్చుకోవడానికి అందులో ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో నెలలో కొన్ని తేదీలకే లెక్కలు వేయగలం. నేర్చుకోవడానికి అది చాలు. ఒక బిల్లు రాయగానే కొట్టు బాకీ పెరిగింది. సరుకు నిలవ తగ్గింది. అందరూ మెచ్చుకున్నారు. కాని సంఘానికి కంప్యూటరు లేదు. కొనాలి. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టాలి. నేర్చిన మనిషి కావాలి. పన్నెండు మందిలో ఒక్కరికే అది అర్థమైంది.

ఖాతా యాప్ తెలుగులో ఉంది. మొదటి రోజే ఆరుగురు రాయగలిగారు. ఒకసారి జమ రాస్తే కొట్టు పేజీలోకి అదే ఎక్కుతోంది. రోజు మొత్తం కూడా అదే చూపిస్తోంది. మళ్లీ ఎక్కించే పని లేదు. బస్టాండు కొట్టు పొరపాటు లాంటిది చాలావరకు తప్పుతుంది. కాని రాసేటప్పుడే కొట్టు పేరు తప్పు నొక్కితే? అప్పుడు యాప్ కూడా తప్పే చూపిస్తుంది.

గళ్ల పట్టిక పంతులుగారి కంప్యూటరులో చేశారు. మొదట కష్టమైంది. ఒకరోజు ఎవరో లెక్క ఉన్న గడి మీద అంకె కొట్టేశారు. మొత్తం తారుమారైంది. రోజూ రాయడానికి అది కుదరలేదు.

తరవాత కావాలనే కొన్ని చిక్కులు పెట్టి చూశారు.

ఫోను పోతే? యాప్‌ను ఇంకో ఫోనులోకి దించారు. పాత నంబరు కొడితేనే లెక్కలు వచ్చాయి. ఆ నంబరు లెక్కల పిల్లది. "ఈ పిల్ల కాన్పుకు పుట్టింటికి పోతే మన లెక్కలూ ఆమెతో పోతాయా?" అని ఒకామె అడిగింది. అప్పటిదాకా ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

రాసింది చెరిపేస్తే? పుస్తకంలో తప్పు రాస్తే గీత కొట్టి పక్కన సంతకం చేస్తారు. పాత అంకె కనబడుతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ జాడ ఉండాలి. కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఏది ఎప్పుడు మార్చారో నమోదు కావాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నియమం ఉంది. సంఘానికి ఆ నియమం వర్తించదు. కాని నమ్మకం పన్నెండు మందికీ కావాలి.

యాప్ వద్దనుకుంటే? మన లెక్కలు మనం బయటికి తీసుకోగలగాలి. యాప్ నుంచి లెక్కల కాగితం దించుకోవచ్చని పిల్ల చూపించింది. అందరి మనసూ కుదుటపడింది.

ఫ్రీ అంటే నిజంగా ఫ్రీయేనా? యాప్ తెరిచినప్పుడల్లా "అప్పు కావాలా?" అని ప్రకటన వచ్చింది. "దాన్ని ఎవరూ నొక్కకండి. మన అప్పు బ్యాంకులో వడ్డీ చూసుకునే తీసుకుందాం" అని పెద్దక్క గట్టిగా చెప్పింది.

5. గోంగూర చెప్పిన నిజం

పలక మీద నాలుగో పని మిగిలింది. కిలోకు ఎంత ఖర్చు?

బాకీల యాప్‌లో అది దొరకలేదు. టాలీలో చేయవచ్చు. కాని ముందుగా చాలా అమర్చుకోవాలి. గళ్ల పట్టికలో మాత్రం ఒక్క పూటలో తేలింది.

పది కిలోల గోంగూర పచ్చడికి ఖర్చులు గళ్లలో రాశారు. ఆకు 600. నూనె 450. ఎండుమిర్చి 400. చింతపండు 150. ఉప్పు, వెల్లుల్లి, ఆవాలు 200. గ్యాసు 200. డబ్బాలు 250. ఆటో 150. మొత్తం 2,400 రూపాయలు. అంటే కిలోకు 240.

"మనం కొట్లకు 260కి వేస్తున్నాం. కిలోకు 20 లాభం" అని సంతోషపడ్డారు.

అంతవరకు మాట్లాడని ఒక ముసలామె నోరు తెరిచింది. "ఆకు తుంచింది ఎవరు? వేయించింది ఎవరు? రుబ్బింది ఎవరు? ముగ్గురం పొద్దస్తమానం చేశాం. మా కూలి ఏ గడిలో ఉంది?"

ఎవరూ మాట్లాడలేదు.

పిల్ల ఇంకో గడి వేసింది. ముగ్గురి కూలి, మనిషికి 300 చొప్పున 900. మొత్తం 3,300 అయింది. కిలోకు 330.

330 పడేదాన్ని 260కి అమ్ముతున్నారు. కిలోకు 70 రూపాయలు తమ ఒంటి కష్టంలోంచి పోతోంది. నాలుగేళ్లుగా పోతోంది.

ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా మనం రాసినదాన్నే లెక్క కడుతుంది. రాయనిదాన్ని అది చూపించలేదు.

6. తీర్మానం

ఆ శనివారం సంఘం ఇలా తీర్మానించింది.

రోజువారీ బాకీలు ఖాతా యాప్‌లో రాయాలి. సంఘం పేరుతో కొత్త సిమ్ము తీసుకోవాలి. యాప్ ఆ నంబరు మీదే ఉండాలి. రహస్య అంకె ఇద్దరికి తెలియాలి.

నెలాఖరున యాప్ నుంచి లెక్క దించాలి. సమావేశంలో చదివి వినిపించాలి. తీర్మానాల పుస్తకంలో మొత్తాలు రాసి సంతకాలు చేయాలి.

నిలవ, కిలో ఖర్చు గళ్ల పట్టికలో నెలకోసారి కట్టాలి. కూలి గడి ఖాళీగా వదలకూడదు.

గోంగూర ధర పెంచాలి. ఒప్పుకోని కొట్టుకు గోంగూర వేయకూడదు.

టాలీ ఇప్పుడు వద్దు. "ఎప్పటికీ వద్దా?" అని లెక్కల పిల్ల అడిగింది. హైదరాబాదులో ఒక కొట్టు వాళ్లు సరుకు అడుగుతున్నారని గుర్తు చేసింది.

2014 జూన్ 2 నుంచి హైదరాబాదు తెలంగాణ రాజధాని. ఆంధ్రప్రదేశ్ నుంచి అక్కడికి సరుకు అమ్మితే అది వేరే రాష్ట్రానికి అమ్మినట్టే. పచ్చళ్లలాంటి సరుకు అలా అమ్మాలంటే 40 లక్షల హద్దుతో పని లేదు. ముందే జీఎస్టీ నమోదు కావాలి. నమోదయితే లెక్కలు ఏళ్ల తరబడి భద్రంగా దాచాలి.

"ఆ రోజు వస్తే ఆడిటరును అడుగుదాం. పలక మళ్లీ తెచ్చుకుందాం. పని మారితే పనిముట్టూ మారుతుంది" అంది పెద్దక్క. పిల్ల వైపు తిరిగింది. "ఈలోగా నువ్వు టాలీ నేర్చుకో అమ్మాయ్. ఫీజు సంఘం కడుతుంది."

పోయిన నెల ఏడ్చిన పిల్ల ఆ రోజు నవ్వింది.

కొత్త మాటలు

చిట్టా: ఏ రోజు లెక్క ఆ రోజు రాసే పుస్తకం
ఆవర్జా: ఒక్కో ఖాతాకు ఒక్కో పేజీ ఉండే పుస్తకం
జమ: వచ్చిన డబ్బు
నిలవ: మిగిలి ఉన్న సరుకు లేదా డబ్బు
యాప్: ఫోనులో పని చేసే సాఫ్ట్‌వేర్

ఆలోచించండి, చర్చించండి

1. బస్టాండు కొట్టు డబ్బు ఎక్కడ తప్పింది? పుస్తకం చూడకుండా నింద వేసి ఉంటే ఏమయ్యేది?
2. సంఘం మొదట పనుల జాబితా ఎందుకు రాసింది?
3. మీ సంఘం లెక్కలు ఎవరి ఫోను నంబరు మీద ఉన్నాయి?

చేసి చూడండి

మీరు చేసే ఒక వస్తువు తీసుకోండి. దానికయ్యే ఖర్చులన్నీ వరసగా రాయండి. మీ కూలి కూడా రాయండి. మొత్తం కూడండి. మీరు అమ్మే ధర పక్కన పెట్టి చూడండి.