ఆటిజం ఉన్న చిన్నబిడ్డకు నిద్ర పట్టకపోతే



మా పిల్లల విభాగానికి వచ్చే తల్లులు "బిడ్డకు మాట రాలేదు", "పిలిస్తే పలకడు" అని చెబుతారు. నిద్ర సంగతి మాత్రం తమంతట తాము చెప్పరు, మేమే అడగాలి. ఒకసారి ఆదోని వైపు పల్లె నుండి నాలుగేళ్ల బాబును తీసుకొచ్చిన తల్లిని, "అమ్మా, రాత్రి ఎన్నింటికి పడుకుంటాడు?" అని అడిగాను. ఆమె జవాబు చెప్పలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్కనున్న అవ్వ చెప్పింది: "యాడ పండుకుంటాడు సిస్టరమ్మా! రెండు గంటలకు పండుకుంటాడు, నాలుగింటికి లేస్తాడు. లేసి ఇల్లంతా తిరుగుతా నవ్వుతాంటాడు. మొన్న తెల్లారుజామున ఈమెకు కన్నంటుకునింది. లేసి చూస్తే వాడు సంపు కాడ కూచోనుండాడు. మూత తీసుండాది."

ఆ రోజు నుండి ఆటిజం ఉన్న ఏ బిడ్డనూ నిద్ర సంగతి అడగకుండా నేను ఇంటికి పంపలేదు. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

ఆటిజం అంటే మెదడు ఎదుగుదలలో పుట్టుక నుండే ఉండే తేడా. ఇతరులతో కలవడం, మాట్లాడడం కష్టమవుతుంది. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయడం, వెలుతురు, చప్పుడు, స్పర్శ వంటి వాటిని మనకన్నా ఎక్కువగానో తక్కువగానో అనుభవించడం ఉంటుంది. 1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో 11 మంది పిల్లలను గమనించి దీన్ని వివరించాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు, తల్లి ప్రేమగా చూడకపోవడం వల్లే ఇది వస్తుందని పెద్ద చదువులు చదివినవారు కూడా నమ్మారు. అది పూర్తిగా తప్పని తేలిపోయి చాలా కాలమైంది. అయినా మన పల్లెల్లో అత్తలు, ఆడపడుచులు నేటికీ అదే మాట అంటున్నారు. తల్లిని నిందించడం వల్ల బిడ్డకు ఒక్క నిమిషం నిద్ర కూడా ఎక్కువ పట్టదు.

మూడు నుండి ఐదేళ్ల బిడ్డకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుండి 13 గంటల నిద్ర కావాలి. ఏడాది నుండి రెండేళ్ల బిడ్డకు 11 నుండి 14 గంటలు. మామూలు పిల్లల్లో సుమారు నలుగురిలో ఒకరికి నిద్ర ఇబ్బంది ఉంటే, ఆటిజం ఉన్న పిల్లల్లో సగం మందికి పైగా ఉంటుంది. కొన్ని పరిశీలనల్లో ఇది 80 శాతం వరకు కనిపించింది. కనుక మీ బిడ్డ ఒక్కడే ఇలా ఉన్నాడని అనుకోవద్దు. అయితే అందరికీ ఉన్నదే కదా అని వదిలేయనూ వద్దు. నిద్ర లేని బిడ్డ మరునాడు ఎక్కువ ఏడుస్తాడు, తలను గోడకు కొట్టుకుంటాడు, నేర్పినది పట్టుకోలేడు. ఇంట్లో వారి ఓపికా తగ్గిపోతుంది.

ఎందుకు పట్టదు?

చీకటి పడగానే మన మెదడులోని ఒక చిన్న గ్రంథి మెలటోనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. "ఇక పడుకో" అని శరీరానికి అందే కబురు అది. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి ఈ కబురు తక్కువగానో, వేళ తప్పో అందుతుంది. పైగా అందరూ పడుకుంటున్నారు కనుక నేనూ పడుకోవాలి అన్న సంగతి మిగతా పిల్లలకు చూసి తెలుస్తుంది. ఈ బిడ్డలకు అది అంత సులభంగా తెలియదు.

మన ఊళ్లలో మరో కారణం ఇల్లే. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు బండలు పరిచిన మిద్దెలు ఎక్కువ. ఎండాకాలంలో ఆ బండ పగలంతా కాగి, అర్ధరాత్రి దాకా సెగ కిందికి వదులుతుంది. పాతకాలపు చౌడుమట్టి మిద్దెలే నయం. చెమట, ఉక్క మనకు చికాకు తెప్పిస్తే, చర్మం మీద స్పర్శను పదింతలుగా అనుభవించే బిడ్డకు అది భరించలేని బాధ. నులక మంచం పురి గుచ్చుకున్నా, కొత్త చొక్కా మెడ దగ్గర గుర్తు గుడ్డ ఒరుసుకున్నా నిద్ర రాదు. ఇక మైకుల మోత. జాతరైనా, ఉరుసైనా, పెళ్లైనా, చెప్పుకోవాలంటే మన సంఘాల ఉజ్జీవ సభలైనా, రాత్రి పది దాటాక కూడా పెద్ద శబ్దంతో సాగితే ఈ బిడ్డల ఇళ్లలో ఆ రాత్రి జాగరణే.

కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుండి మిరప కోతలకు గుంటూరు వైపు, కట్టడం పనులకు బెంగళూరుకు వలస పోయే కుటుంబాలకు ఇంకొక కష్టం. స్థలం మారితే, గోడ మారితే, చివరికి మంచం దిక్కు మారినా ఈ బిడ్డలకు భయం పుడుతుంది. వలస వద్దని చెప్పడానికి నేనెవరిని? పోవలసివస్తే బిడ్డ రోజూ పడుకునే బొంత, దిండు, చేతిలో పట్టుకుని పడుకునే వస్తువు ఏదున్నా వెంట తీసుకుపొండి. ఉతకకుండానే తీసుకుపొండి. ఆ వాసన కూడా బిడ్డకు ఇల్లే.

ముందు శరీరాన్ని చూడండి

నొప్పి ఉందని చెప్పలేని బిడ్డ, దాన్ని నిద్ర లేకపోవడంతో చెబుతాడు. కనుక ఏ అలవాటు మార్చకముందే ఒకసారి డాక్టరుకు చూపించాలి. మలబద్ధకం ఈ పిల్లల్లో చాలా ఎక్కువ, ఎందుకంటే ఒకటి రెండు రకాల తిండి తప్ప ముట్టరు. మలం గట్టిగా మూడు నాలుగు రోజులకొకసారి వస్తుంటే కడుపునొప్పితో లేస్తున్నాడేమో చూడాలి. రాత్రిపూట ఆసనం దగ్గర గీరుకుంటుంటే నులిపురుగులు ఉండవచ్చు. అవి రాత్రిపూటే బయటికి వచ్చి గుడ్లు పెడతాయి. పుచ్చుపళ్లు, చెవిపోటు, ముక్కుదిబ్బడ సంగతీ చూడాలి. రోజూ గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్లు ఉలిక్కిపడితే గొంతులో గడ్డలు పెరిగి ఉండవచ్చు.

రక్తహీనత గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 6 నెలల నుండి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తం తక్కువ. శరీరంలో ఇనుము నిల్వ తగ్గితే పడుకున్నప్పుడు కాళ్లలో జివజివలాడి, కాళ్లు ఆడించకుండా ఉండలేరు. "కాళ్లు తన్నుకుంటాడు" అని మీరు చెబితే డాక్టరు ఫెరిటిన్ అనే రక్తపరీక్ష రాయవచ్చు. అన్నం, పాలు తప్ప ఏదీ తినని బిడ్డకు ఇది మరీ అవసరం. ఇనుము మందు మాత్రం డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి. ఎక్కువైతే విషం.

నిద్రలో ఒళ్లు బిగుసుకోవడం, ఒకవైపు కొట్టుకోవడం, నోట నురుగు రావడం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. ఆటిజం ఉన్నవారిలో మూర్ఛ మిగతావారికన్నా ఎక్కువగా వస్తుంది. వీలైతే ఫోన్‌లో వీడియో తీసి తెండి. మీ మాటలకన్నా అది డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

ఇంట్లో చేయవలసినది

2020లో అమెరికాలోని నరాల వైద్యుల సంస్థ, అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ, ఆటిజం పిల్లల నిద్ర గురించి సూచనలు ఇచ్చింది. శరీర కారణాలు చూశాక మొదట అలవాట్లు మార్చాలి, దానితో చాలకపోతేనే మెలటోనిన్ మందు అన్నది దాని సారాంశం. మేము ఇక్కడ చేసేదీ అదే.

పడుకునే వేళ కన్నా ముందు లేచే వేళను పట్టుకోండి. రాత్రి ఎంత ఆలస్యమైనా ఉదయం ఆరున్నరకు అంటే ఆరున్నరకే లేపాలి. తల్లులకు ఇది చాలా కష్టం. ఇప్పుడే కదా కన్ను మూశాడు, కాసేపు పడుకోనీ అనిపిస్తుంది. కానీ పది గంటల దాకా పడుకోనిస్తే ఆ రాత్రి మళ్లీ అదే కథ. లేచిన వెంటనే వెలుతురులోకి, వాకిట్లోకి తీసుకురండి. సాయంత్రం ఎండ తగ్గాక బాగా నడిపించండి, పరుగెత్తించండి. మధ్యాహ్నం కునుకు మూడు గంటలు దాటనీయవద్దు.

టీ సంగతి. మన ఇళ్లలో రెండేళ్ల బిడ్డకు కూడా గ్లాసులో టీ పోసి బన్ను ముంచి పెడతారు. టీలో, కూల్‌డ్రింకుల్లో నిద్రను చెడగొట్టే కెఫీన్ ఉంటుంది. ఈ బిడ్డలకు అవి వద్దే వద్దు. ఫోన్ కూడా పడుకునే గంట ముందు నుండి కనబడకూడదు. బిడ్డ అన్నం తినడానికి ఫోన్ ఇస్తున్నామని చాలామంది అంటారు. అప్పుడు అన్నమే ముందు జరపండి. ఏడు గంటలకు సంగటి పెట్టి, ఎనిమిదికల్లా ఫోన్ పెట్టెలో పెట్టేయండి.

తర్వాత ప్రతి రాత్రి అవే పనులు, అదే వరుసలో. నీళ్లు పోయడం, మెత్తటి పాత చొక్కా తొడగడం, ఒంటికి పోయించడం, దీపం తగ్గించడం, ఒకే పాట, పడక. అరగంట చాలు. మాట అర్థం కాని బిడ్డకు ఈ నాలుగైదు పనుల ఫోటోలు తీసి అట్టకు అతికించి గోడకు తగిలించండి. ఒక్కొక్క పని కాగానే ఆ బొమ్మ చూపించండి. చేతకాదనుకుంటే చొక్కా, చెంబు, దిండు బొమ్మలు పెన్సిల్‌తో గీసినా సరిపోతుంది.

రాత్రి పన్నెండుకు గాని పడుకోని బిడ్డను ఎనిమిదికే పడుకోబెట్టి నాలుగు గంటలు పోరాడితే, పడక అంటేనే వాడికి యుద్ధం అవుతుంది. మొదట పన్నెండుకే పడుకోబెట్టండి. త్వరగా నిద్రలోకి జారడం అలవాటయ్యాక, రెండు మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి. బిడ్డ మీ చేయి మీదే నిద్రపోతుంటే ఒక్కసారిగా దూరం కావద్దు. మొదట పక్కన, తర్వాత అడుగు దూరంలో, తర్వాత గడప దగ్గర. రాత్రి లేస్తే దీపం వేయకుండా, ఆట ఆడకుండా, పాలసీసా ఇవ్వకుండా ఒకే మాట చెప్పి మళ్లీ పడుకోబెట్టండి. మొదటి వారం ఏడుపు పెరుగుతుంది. అది పద్ధతి పనిచేయడం లేదనడానికి గుర్తు కాదు. ఆ వారంలో అవ్వ జాలిపడి ఫోన్ ఇస్తే మాత్రం మొదటికి వస్తుంది. కనుక పద్ధతి మొదలుపెట్టేముందు ఇంట్లో పెద్దలందరికీ చెప్పి ఒప్పించండి.

బరువైన దుప్పటి కప్పితే నిద్ర వస్తుందని కొందరు అమ్ముతున్నారు. 2014లో బ్రిటన్‌లో ఆటిజం పిల్లల మీద పరీక్షించి చూస్తే నిద్రలో మేలు కనబడలేదు. మన ఎండలకు అసలే పనికిరాదు. డబ్బు దండగ.

ఇవ్వకూడనివి

గసగసాలు నూరి పాలల్లో పట్టడం, నల్లమందు, బ్రాందీ చుక్కలు, దగ్గు మందు, పెద్దల నిద్రమాత్ర ముక్క. ఇవన్నీ పట్టించి తెచ్చిన పిల్లలను నేను చూశాను. బిడ్డ మత్తులో పడి ఊపిరి తగ్గిపోతుంది. దాన్ని నిద్ర అనుకోవద్దు. మెలటోనిన్ కూడా మందుల షాపులో అడిగి తెచ్చుకునే వస్తువు కాదు. పిల్లల డాక్టరు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, వేళ చెప్పి ఇస్తారు. తాయెత్తు కట్టుకున్నారని ఎవరినీ తిట్టను, కానీ దాన్ని నమ్మి మూర్ఛ మందు ఆపవద్దు.

అందరికన్నా ముందు చేయవలసింది ఒకటుంది. సంపు మూతకు తాళం, వీధి తలుపుకు పైన బిడ్డ చేతికందని గడియ, తలుపుకు ఒక గజ్జె. గ్యాస్ రాత్రిపూట సిలిండర్ దగ్గరే ఆపండి. తల్లి ఒక్కతే ప్రతి రాత్రి కాపలా ఉండలేదు. వారంలో రెండు మూడు రాత్రులు తండ్రి గాని, అవ్వ గాని ఆ బాధ్యత తీసుకోవాలి. ఆ తల్లికి చావు ఆలోచనలు వస్తుంటే, అవును, వస్తాయి, 14416 టెలిమానస్‌కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఒక వైకల్యంగా చేరింది. ధ్రువపత్రం ఉంటే సాయం అడగవచ్చు. నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంది. పెద్ద పరీక్షలకు వేలూరు సీఎంసీ, బెంగళూరు నిమ్హాన్స్, సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ ఉన్నాయి. ముందు మీ అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు చెప్పండి.

ఆదోని వైపు బాబుకు రక్తం చాలా తక్కువని తేలింది, మలబద్ధకమూ ఉంది. మందులు, వేళలు, గోడ మీద బొమ్మలు, అన్నీ కలిపి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు పదిన్నరకు పడుకుని అయిదున్నరకు లేస్తున్నాడు. వారంలో ఒక రాత్రి ఇంకా లేచి తిరుగుతాడు. మాట రాలేదు. సంపుకు తాళం ఉంది.

మా దగ్గరికి వచ్చేటప్పుడు రెండు వారాల లెక్క రాసి తెండి: ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నిసార్లు లేచాడు, ఎన్నింటికి లేచాడు, పగలు ఎంత కునికాడు, విరేచనం అయిందా లేదా. చదువురాని తల్లులు క్యాలెండర్ మీద గీతలు గీసి తెచ్చినా మాకు అర్థమవుతుంది.