అడిగితే చెప్పగలిగినంతే వేయండి

కర్రీ పాయింటు నడిపేవాళ్లు, ఫాస్ట్‌ఫుడ్ బండి పెట్టుకున్నవాళ్లు, పెళ్లిళ్లకు వండే మాస్టర్లు, ఇంట్లో వండి ఆర్డర్ల మీద అమ్మే గృహిణులు, వంటల పోటీలకు పేరిచ్చినవాళ్లు... వీళ్లందరికీ ఏదో ఒక రోజు ఒక ప్రశ్న తప్పదు: ‘ఇందులో టేస్టింగ్ సాల్ట్ వేశారా?’ వేసి కూడా లేదనేవాళ్లు ఎక్కువ. వేయకపోయినా నమ్మించలేక ఇబ్బంది పడేవాళ్లూ ఉన్నారు. వేయాలా వద్దా అనేది మీ ఇష్టం. కానీ ఎంత వేశారో, ఎందుకు వేశారో అడిగినవాళ్లకు నిజం చెప్పగలగాలి. వంటను నమ్ముకుని బతికేవాళ్లకు ఇది పరువు సమస్య, వ్యాపార సమస్య కూడా.

ముందు దాని సంగతి తెలుసుకోండి

టేస్టింగ్ సాల్ట్ అన్నా, అజినోమోటో అన్నా, ఎంఎస్‌జీ అన్నా పదార్థం ఒకటే, మోనోసోడియం గ్లుటమేట్. 1908లో టోక్యోలో ప్రొఫెసర్ కికునాయె ఇకెడా, కొంబు అనే సముద్రపు నాచుతో కాచే చారుకు ఆ రుచి ఎక్కడి నుంచి వస్తోందని వెతికి దీన్ని పట్టుకున్నారు. మరుసటి ఏడాదే అది అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు చెరకు మొలాసిస్, కర్రపెండలం, మొక్కజొన్న వంటివాటిని పులియబెట్టి తయారు చేస్తున్నారు. పండిన టమాటాలో, పుట్టగొడుగుల్లో, సోయా సాస్‌లో, తల్లిపాలలో కూడా గ్లుటమేట్ సహజంగానే ఉంటుంది.

దీని మీద భయం 1968లో మొదలైంది. అమెరికాలో రాబర్ట్ హో మాన్ క్వాక్ అనే వైద్యుడు ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’కు ఒక ఉత్తరం రాశారు. చైనీస్ హోటళ్లలో తిన్నాక తిమ్మిరి, నీరసం, గుండెదడ వస్తున్నాయనీ, కారణం సోయా సాసో, వంటలో పోసే వైనో, ఎక్కువైన ఉప్పో, ఎంఎస్‌జీయో తేల్చాలనీ కోరారు. ఆ నాలుగు అనుమానాల్లో జనం మనసులో నిలిచింది చివరిదొక్కటే.

1995లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ కోసం నిపుణులు ఈ విషయాన్ని సమీక్షించారు. అన్నంతోనో కూరతోనో కాకుండా విడిగా 3 గ్రాములు, అంతకుమించి తీసుకున్నప్పుడు కొందరికి తలనొప్పి, తిమ్మిరి వంటి స్వల్ప లక్షణాలు కాసేపు కనిపించవచ్చన్నారు. మామూలుగా ఒకరి వాటా వంటకంలో ఇది అర గ్రాము కూడా ఉండదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో గ్లుటమేట్ సంకలితాలన్నీ కలిపి శరీర బరువులో కిలోకు 30 మిల్లీగ్రాములు రోజువారీ హద్దుగా పెట్టింది. అంటే 60 కిలోల మనిషికి 1.8 గ్రాములు. వీటిని బట్టి మీరు గుర్తుంచుకోవాల్సినవి రెండు: టేస్టింగ్ సాల్ట్ విషం కాదు, అలాగని చేతికొద్దీ చల్లే వస్తువూ కాదు. ఒక టీస్పూనుకు 4 గ్రాములు పడుతుంది. రద్దీ వేళ గరిటె అంచుతో ఎత్తి వేస్తే హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

కొలతను అలవాటు చేసుకోండి

నలుగురైదుగురికి సరిపడే కూరకు అర టీస్పూను, అంటే సుమారు 2 గ్రాములు చాలు. బండి మీద ప్లేటు లెక్కన అర గ్రాము దాటనీయకండి. ఒక స్థాయి దాటాక ఎక్కువ వేస్తే రుచి పెరగదు, నోరు ఎబ్బెట్టుగా అవుతుంది.

రోజు చివర డబ్బా తూచండి. నూరు ప్లేట్లు అమ్ముడైతే 50 గ్రాములకు మించి తగ్గకూడదు. 200 గ్రాములు తగ్గిందంటే బాండీ దగ్గర చెయ్యి జారుతోందని అర్థం. మాస్టరును నలుగురిలో కేకలేయకండి. ఆయన చేతికి చిన్న కొలత చెంచా ఇచ్చి, ‘మాస్టరుగారూ, ప్లేటుకు ఇదొక్కటే’ అని చెప్పండి, చాలు.

టేస్టింగ్ సాల్ట్ వేస్తే ఉప్పు తగ్గించాలి. ఉప్పులో సోడియం దాదాపు 39 శాతం, దీనిలో 12 శాతం. ఉప్పులో కొంత తీసేసి ఆ చోట దీన్ని కొద్దిగా వేస్తే మొత్తం సోడియం తగ్గుతుంది. ఉప్పు ఎప్పటిలాగే వేసి పైన దీన్నీ చల్లితే మాత్రం సోడియం ఇంకా పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్లు రోజూ మీ దగ్గరే కూర కొనుక్కుంటారని మరిచిపోవద్దు.

సీలు ఉన్న ప్యాకెట్టే కొనండి. విడిగా పొట్లం కట్టిచ్చేది వద్దు. డబ్బాలో పోశాక పేరు రాసి అంటించండి. ఉప్పు డబ్బా పక్కన పెట్టకండి. రెండూ తెల్లవే, హడావిడిలో ఒకటనుకుని మరొకటి పడుతుంది.

ఎక్కడ పని చేస్తుంది, ఎక్కడ దండగ

నీళ్లలో ఇట్టే కరుగుతుంది, నూనెలో కరగదు. అందుకే తడి ఉన్నప్పుడు వేయాలి. సూపు, చికెన్ గ్రేవీ, నూడుల్స్, ఫ్రైడ్‌రైస్ వంటివాటిలో దాని పని తెలుస్తుంది. పులుపు బాగా ఉన్నచోట ప్రభావం తగ్గిపోతుంది. చింతపండు పులిహోరలో, చేపల పులుసులో వేస్తే డబ్బు దండగ. తీపి వంటల్లో దానికి పనే లేదు.

మాంసంలో, చేపలో సహజంగా ఉండే ఇనోసినేట్, గ్లుటమేట్‌తో కలిస్తే రుచి ఎన్నో రెట్లు పెరుగుతుంది. కోడికూరలో బాగా పండిన టమాటా మగ్గితే వచ్చే రుచికి ఇదొక కారణం. కాబట్టి ముందు టమాటాను నూనె తేలేదాకా మగ్గించండి, ఎముకలను నిదానంగా కాచి ఆ నీళ్లు వాడండి, ఉల్లిపాయ ఓపికగా వేయించండి, వీలైన కూరలో ఎండురొయ్యలు వేయండి. ఇవన్నీ చేశాక కూడా లోటనిపిస్తే అప్పుడు టేస్టింగ్ సాల్ట్ గురించి ఆలోచించండి. నిన్నటి మాంసాన్నీ నీళ్ల గ్రేవీనీ దాంతో కప్పిపుచ్చడం వినియోగదారుణ్ణి మోసం చేయడమే.

‘లేదు’ అనేముందు సీసాలు చూడండి

టేస్టింగ్ సాల్ట్ డబ్బా లేని వంటింట్లో కూడా అది ఉండొచ్చు. చికెన్ పౌడరు, సూపు క్యూబులు, కొన్ని సాసులు, మసాలా మిక్సులు, వీటి వెనక చిన్న అక్షరాల్లో 621 అని ఉంటే అది ఎంఎస్‌జీ. 627, 631, 635 అనేవి దానికి తోడుగా వేసే రుచి పెంచే పదార్థాలు. ఇవి వాడుతూ ‘మా దగ్గర అజినోమోటో ఉండదు’ అని బోర్డు పెడితే, మీకు తెలియకుండానే అబద్ధం ఆడినట్టు.

2015లో మ్యాగీ నూడుల్స్ వివాదంలో సీసంతోపాటు గొడవకు కారణమైనది, ఎంఎస్‌జీ కలపలేదని ప్యాకెట్ మీద ఉన్న మాట. ఆ జూన్‌లో జాతీయ ఆహార భద్రతా సంస్థ అమ్మకాలు ఆపించింది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. చిన్న వ్యాపారికి ఇందులో పాఠం ఉంది. పదార్థాల్లో సహజంగా ఉన్న గ్లుటమేట్ కూడా పరీక్షలో బయటపడుతుంది. నిరూపించలేని మాట లేబుల్ మీద రాయకండి.

పొడులు, మసాలాలు ప్యాక్ చేసి అమ్మేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. ఎంఎస్‌జీని అన్ని రకాల ఆహారాల్లోనూ కలపనివ్వరు. మీ సరుకు ఏ వర్గంలోకి వస్తుందో నిబంధనల్లో చూసుకున్నాకే కలపండి. కలిపితే ప్యాకెట్ మీద చెప్పాలి. ఏడాది నిండని పసిపిల్లలకు పెట్టరాదని కూడా రాయాలి. వండి అమ్మే చోటా అదే మర్యాద పాటించండి. చంటిబిడ్డకు తినిపించడానికంటే అది లేనిదే ఇవ్వండి.

కౌంటరు దగ్గర, బేరం దగ్గర

‘అన్నా, టేస్టింగ్ సాల్ట్ ఉందా?’ అని అడిగితే జవాబు సూటిగా ఉండాలి: ‘ఉందమ్మా, ప్లేటుకు చిటికెడు. వద్దంటే వేయకుండా చేసిస్తా.’ ఆ మాట నిలబెట్టుకోవాలంటే గ్రేవీలో, బియ్యంలో ముందే కలిపేయకూడదు. చివర్లో విడిగా వేసే పద్ధతి పెట్టుకోవాలి. తనకు పడదని ఎవరైనా అంటే వాదించకండి. ఆ మనిషికి పడనిది గ్లుటమేటో, నూనెయో, కారమో తేల్చడం వంటవాడి పని కాదు.

క్యాటరింగు చేసేవాళ్లు అడ్వాన్సు తీసుకునే రోజే పెళ్లివారిని అడిగి, వేయాలో వద్దో మెనూ కాగితం మీదే రాసుకోండి. వండటం అయ్యాక మాటొస్తే సర్దుకోవడం ఇద్దరికీ కష్టం.

పోటీకి వెళ్తున్నారా?

పోటీల్లో దీన్ని వాడటం మోసమా కాదా అన్న వాదన చాలాచోట్ల ఉంది. అమెరికాలో టెక్సస్ తరహా చిల్లీ పోటీలనే చూడండి. బీన్స్, అన్నం వంటివి కూరలో కలపకూడదు, మాంసాన్ని ముందుగా నానబెట్టకూడదు అనే కచ్చితమైన నియమాలుంటాయి. అదే పోటీల్లో చాలామంది వంటగాళ్లు ఎంఎస్‌జీ ఉన్న మసాలా పొట్లాలు బాహాటంగానే వాడతారు. బార్బెక్యూ పోటీల్లోనూ అంతే. న్యాయనిర్ణేత తినేది ఒకటి రెండు ముద్దలు. ఆ మొదటి ముద్దలోనే రుచి నోటికి కొట్టాలని వాళ్ల తాపత్రయం.

ఒప్పుకోనివాళ్ల మాటలోనూ బలముంది. అందరూ అదే తెల్లపొడి వేస్తే అన్ని గిన్నెలూ ఒకేలా ఉంటాయి, ఎవరి చేతి రుచి ఏమిటో తెలియదు అంటారు. నా అభిప్రాయం ఇది: నియమాలు ఒప్పుకుంటే వాడటం తప్పు కాదు, పదార్థాల జాబితాలో రాయకపోవడం తప్పు. నియమాల్లో ఏమీ లేకపోతే నిర్వాహకులను ముందే అడగండి. వేదిక మీద న్యాయనిర్ణేత అడిగితే తడుముకోకుండా చెప్పండి.

వాడాలా వద్దా తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఒకే వంటకాన్ని మూడు గిన్నెల్లో పెట్టండి. రెండింటిలో టేస్టింగ్ సాల్ట్ వేయనిది, మూడోదానిలో వేసినది. రుచి చూసేవాళ్లకు ఏది ఏదో చెప్పకుండా, వేరుగా ఉన్న గిన్నె చూపించమనండి. ఎక్కువమంది పట్టుకోలేకపోతే మీ వంటకు దాని అవసరం లేదు. పట్టుకుని, అదే బాగుందంటే కొలత రాసుకుని వాడండి. అయితే ఒక ముద్దకు గెలిచే వంట పూర్తి ప్లేటు తినేసరికి మొహం మొత్తవచ్చు. పోటీలో వేసిన మోతాదును ఇంటికీ హోటలుకూ తేకండి.

ఈ వారమే చేయండి

వంటింట్లో ఉన్న ప్రతి సీసా, ప్రతి పొట్లం వెనక చదివి 621 ఉన్నవాటిని ఒక పక్కన పెట్టండి. కొలత చెంచా కొనండి. కౌంటరు దగ్గర ఉండే పిల్లవాడి నుంచి మాస్టరు దాకా అందరూ ఒకే నిజమైన జవాబు చెప్పేలా నేర్పండి. కొత్తగా పని నేర్చుకునేవాళ్లకు మొదటి ఆరు నెలలూ టేస్టింగ్ సాల్ట్ లేకుండానే వండించండి. అది లేకుండా రుచి తేవడం వచ్చినవాడే దాన్ని ఎక్కడ, ఎంత వేయాలో తెలుసుకుంటాడు. అలాంటి వంటవాడికి ఏ ఊళ్లోనైనా పని దొరుకుతుంది.