అంతర్జాలమున అంగడి: షోలాపురపు సరకును గూర్చి కొన్ని లెక్కలు

వర్తకమునకు స్థానబలము ముఖ్యమని పెద్దలు చెప్పుదురు. సంత నడుమనున్న కొట్టునకు వచ్చు బేరము సందు చివరనున్న కొట్టునకు రాదు. అంతర్జాలపు అంగడికి ఈ భేదము చాలవరకు లేదు. షోలాపురములో సందు చివరి ఇంటనున్న తువాలును గౌహతిలోనివారు చూచి కొనవచ్చును. అంతమాత్రమున ఇది సులభమైన వర్తకమని తలచరాదు. పిల్లలు చేతి ఫోను చూపి “మనమే అమ్ముదము” అని అడుగుచున్న ఇండ్లు నేడు మనలో పెక్కు గలవు. వారికి అవుననుటకు గాని కాదనుటకు గాని ముందు తల్లిదండ్రులు తెలిసికొనదగిన సంగతులు కొన్ని యున్నవి.

షోలాపురములో 1877వ సంవత్సరమున నూలుమిల్లు వెలసెను. మిల్లులలోను మగ్గములపైనను పని వెదకికొనుచు తెలంగాణపు జిల్లాలనుండి పద్మశాలీ కుటుంబములు తరతరములుగా ఇచటికి వచ్చినవి. చాదరునకు, తువాలునకు ఊరిపేరు వచ్చినది; భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అయినను నేసినవానికిని కప్పుకొనువానికిని నడుమ ముగ్గురు నలుగురు చేతులు మారుట మానలేదు. ఆ చేతులలో ఒకటి రెండైనను తగ్గించుటయే ఈ క్రొత్త అంగడివలన మనకు గలుగు ఆశ.

మార్గములు రెండు. అమెజాను, ఫ్లిప్‌కార్టు, మీషో వంటి పెద్ద సంతలలో చోటు తీసికొనుట యొకటి. సొంత పేరుతో సొంత అంగడి నిర్మించుకొనుట రెండవది. సంతలో జనము సిద్ధముగా నుందురు, కాని పోటీయు, కొన్నిట కమీషనును అక్కడనే యుండును. కొన్నవారి చిరునామా మనకు మిగులదు. సొంత అంగడిలో కొన్నవారు మనవారగుదురు గాని వారిని పిలుచుకొని వచ్చు భారము మనదే. మొదట సంతలో అమ్మకము నేర్చి, పిదప సొంతగూడు కట్టుకొనుట మేలని నా అభిప్రాయము. సొంత అంగడి పెట్టునపుడు దాని పేరును, రహస్యపదములను కట్టియిచ్చిన కుర్రవాని పేరిటగాక ఇంటివారి పేరిటనే యుంచుకొనవలెను.

2007లో బెంగళూరున ఫ్లిప్‌కార్టు పుస్తకముల అంగడిగా మొదలైనపుడు దానికి వచ్చిన తొలి గిరాకి మన మహబూబ్‌నగరునుండియే. అడిగిన పుస్తకము వారివద్ద లేదు. ఊరిలోని దుకాణములు గాలించి సంపాదించి పంపిరి. ఉన్నదని చూపిన సరకును ఎట్లైనను చేర్చుట ఈ వర్తకమునకు ప్రాణమని దీనివలన తెలియును. మనవద్ద మూడే తువాళ్ళున్నపుడు అంగడిలో ముప్పదియని వ్రాయరాదు.

ఇక లెక్క. 400 రూపాయలకు అమ్ము తువాళ్ళ జత యొకటి తీసికొందము. ఈ అంకెలు ఉదాహరణకే. ఎవరి అంకెలు వారు వేసికొనవలెను. సరకు ఖరీదు 230, పెట్టె 15, కొరియరు కూలి 70, సొమ్ము వసూలుచేయు సంస్థకు నూటికి రెండు చొప్పున 8, ధరలోనే చేరియున్న నూటికి అయిదు పన్ను 19. మొత్తము 342. మిగులు 58 రూపాయలు. కొనుగోలుపై కట్టిన పన్నును తిరిగి పొందు లెక్క వేరుగా నున్నది.

ఈ 58ని చూచి సంతోషించువారు తిరుగుసరకును మరచుచున్నారు. సరకు అందినపుడు సొమ్ము ఇత్తుమన్న గిరాకులలో కొందరు తలుపు తీయరు, కొందరు వలదందురు. అట్టి ప్రతి పొట్లమునకును పోవు కూలి 70, వచ్చు కూలి 70, పెట్టె 15, వెరసి 155 రూపాయలు నష్టము. పది పొట్లములలో ఒకటి తిరిగివచ్చిన, తొమ్మిదింటి లాభము 522లో 155 పోగా 367 మిగులును. మూడు తిరిగివచ్చినచో ఏడింటి లాభము 406, నష్టము 465. చేతినుండి 59 రూపాయలు పోవును. అమ్మకము పెరిగినకొలది నష్టము పెరుగుట ఇట్లే జరుగును. కావున ముందే సొమ్ము కట్టువారికి కొంత తగ్గించి యిచ్చుట, పంపుటకు ముందు ఫోనుచేసి చిరునామా రూఢిచేసికొనుట పిసినారితనము కాదు.

రెండు జతలు ఒకే పెట్టెలో పోయినచో సంగతి వేరు. అమ్మకము 800, సరకు 460, పెట్టె 20, కూలి 90, వసూలు 16, పన్ను 38. మిగులు 176. విడివిడిగా పంపిన 116 మాత్రమే. కుటుంబమునకు సరిపడు కట్టలుగా అమ్ముటలో లాభమిదియే.

చాదరులకు మరియొక చిక్కు గలదు. పెక్కు కొరియరు కంపెనీలు బరువునే గాక పరిమాణమును గూడ చూచును. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000చే భాగించిన కిలోలు వచ్చును; ఈ బరువు, అసలు బరువు రెంటిలో హెచ్చైనదానికి కూలి. 40, 30, 20 కొలతల పెట్టె 4.8 కిలోలుగా లెక్కకు వచ్చును. అదే చాదరును గట్టిగా మడిచి ఎత్తు 10కి దింపినచో 2.4 కిలోలే. ఇంట మడతపెట్టు తల్లిచేతిలో ఎంత ధనమున్నదో చూడుడు!

సరకును వర్ణించుటలో మన పాఠశాలకు సంబంధించిన విషయమొకటి యున్నది. కొనువాడు బట్టను తాకలేడు. కొట్టులో అమ్మ చెప్పు జవాబులన్నియు వ్రాతలో నుండవలెను. కొలత ఎంత, బరువెంత, తొలి ఉతుకున రంగు విడుచునా, ఎంత క్రుంగును? పగటి వెలుతురులో తీసిన బొమ్మలు, అందు స్కేలు ఉంచి తీసినది ఒకటి తప్పక ఉండవలెను. మరాఠీవారు చాదర్ అని వెదకుదురు, మనవారు దుప్పటి యందురు. రెండు భాషలలో స్వచ్ఛముగా నాలుగు వాక్యములు వ్రాయగల పిల్లవాడు ఆ ఇంటి అంగడికి అక్కరకు వచ్చును. తెలుగు చదివిన నేమి లాభమని అడుగు తండ్రులు ఈ పని తమ పిల్లలచే నొకసారి చేయించి చూడవలెను.

ఆ వ్రాతలో ఒక్క మాటపై జాగ్రత్త అవసరము. మరమగ్గముపై నేసినదానిని చేనేతయని వ్రాయరాదు. షోలాపురపు చాదరులు, తువాళ్ళు అధికముగా మరమగ్గములవే. అందులో సిగ్గుపడవలసినదేమియు లేదు. చేనేతకు 2006నుండి ప్రత్యేక ముద్ర యున్నది. అబద్ధమాడినచో నష్టపోవువారు మగ్గముపై కూర్చున్న మన బంధువులే.

చట్టముల మాట క్లుప్తముగా చెప్పెదను. 2020నాటి ఈ-వాణిజ్య నియమముల ప్రకారము పూర్తి ధరయు, సరకు వాపసు షరతులును, ఫిర్యాదు వినువారి వివరములును కొనువానికి కనబడవలెను. పరరాష్ట్రమునకు అమ్ముటకు జి.యస్.టి. నమోదు కావలెననుట సాధారణ నియమము; చేతివృత్తులవారికి కొన్ని మినహాయింపులున్నవి. 2023 అక్టోబరు 1నుండి చిన్న వర్తకులు నమోదు లేకయే, పేరు వ్రాయించుకొని సంఖ్య పొంది, పెద్ద సంతల ద్వారా స్వరాష్ట్రములో అమ్మవచ్చును. మొదలుపెట్టుటకు ముందు లెక్కలు తెలిసిన వారినొకరిని కలియుడు.

సొమ్ము విషయమున ఇంటిల్లిపాదియు ఎరుగవలసినది యొకటి. యు.పి.ఐ. ద్వారా మనకు రావలసిన సొమ్ము వచ్చుటకు మనము పిన్ సంఖ్య నొక్కనక్కరలేదు. పెద్ద ఆర్డరు ఇత్తునని పిలిచి, “ముందు ఈ బొమ్మను స్కాను చేసి పిన్ నొక్కుడు, సొమ్ము మీకు చేరును” అను వాడు ఎంత మర్యాదగా మాట్లాడినను వాడు గిరాకి కాడు. ఫోను పెట్టివేయవలెను, ఇంకను మోసము జరిగినచో వెంటనే 1930 సంఖ్యకు తెలుపవలెను.